కంపెనీ కట్టే పరిహారం ఎవరి ఖాతాలోకి పోతుంది? శ్రీ సిటీ చుట్టుపక్కల దళితవాడలు తెలుసుకోవాల్సిన లెక్క

2024 జూలైలో దక్షిణ కొరియా కంపెనీ ఎల్‌జీ కెమ్ ఆంధ్రప్రదేశ్‌లో రెండు పనులు చేసింది. తిరుపతి జిల్లా శ్రీ సిటీలో ఏబీఎస్ ప్లాస్టిక్ కాంపౌండింగ్ ఫ్యాక్టరీ ప్రారంభించింది. విశాఖపట్నంలో తన అనుబంధ కంపెనీ ఎల్‌జీ పాలిమర్స్ గ్యాస్ లీకేజీలో నష్టపోయిన గ్రామాలకు అదనంగా 120 కోట్ల రూపాయలు ఇస్తామని ప్రకటించింది. 2025 మే 8న అదే గ్రూపుకు చెందిన మరో కంపెనీ, ఎల్‌జీ ఎలక్ట్రానిక్స్, శ్రీ సిటీలో 5,001 కోట్ల రూపాయల ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేసింది. విశాఖ దుర్ఘటనకు అప్పటికి సరిగ్గా అయిదేళ్ళు దాటి ఒక రోజు.

శ్రీ సిటీ ఫ్యాక్టరీలో విశాఖ లాంటి ప్రమాదం జరుగుతుందని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. తయారైన ప్లాస్టిక్‌ను మిశ్రమం చేసే కాంపౌండింగ్ యూనిట్ వేరు, వేల టన్నుల స్టైరీన్ ద్రవాన్ని ట్యాంకుల్లో నిల్వ ఉంచి ప్లాస్టిక్ తయారుచేసే యూనిట్ వేరు. ఇక్కడ అడుగుతున్న ప్రశ్న డబ్బు గురించి. ఒక కంపెనీ మనుషులకో, నీళ్ళకో, నేలకో హాని చేసినప్పుడు అది కట్టే సొమ్ము ఏ దారిలో వస్తుంది? దాన్ని ఎలా ఖర్చు పెట్టాలో ఎవరు నిర్ణయిస్తారు? ఆ నిర్ణయంలో పంచాయతీకి, గ్రామసభకు, దళితవాడకు చోటుందా?

జవాబు ముందే చెప్పుకుందాం. పరిహారం సొమ్ము రాష్ట్ర బడ్జెట్‌లో ఒక భాగంగా రాదు. అందుకే ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్ చట్టం దాన్ని తాకదు. అది పంచాయతీ ఖాతాలోకీ రాదు కాబట్టి గ్రామసభ తీర్మానమూ దాన్ని తాకదు. పోరాడి సాధించుకున్న రెండు రక్షణలూ పనిచేయని చోట ఆ సొమ్ము తిరుగుతుంది. ఈ ఖాళీని ప్రమాదం జరిగాక పూడ్చడం కష్టం. ముందే రాసుకున్న నిబంధన ఉండాలి.

శ్రీ సిటీ: ఎక్కడ, ఎవరి మధ్య

శ్రీ సిటీ 2008 ఆగస్టు 8న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి చేతుల మీదుగా ప్రారంభమైంది. తమిళనాడు సరిహద్దులో, చెన్నైకి ఉత్తరాన దాదాపు 55 కిలోమీటర్ల దూరంలో, తడ దగ్గర 16వ నంబరు జాతీయ రహదారికి ఆనుకుని ఉంటుంది. భూమి ప్రధానంగా సత్యవేడు, వరదయ్యపాళెం మండలాలది. అప్పట్లో ఇవి చిత్తూరు జిల్లాలో ఉండేవి. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగాక తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. ప్రత్యేక ఆర్థిక మండలి, దేశీయ మార్కెట్ కోసం తయారుచేసే విభాగం రెండూ ఇందులో ఉన్నాయి. ఇసుజు, కోబెల్కో, ఆల్‌స్టామ్, డైకిన్, మాండెలెజ్, కెల్లాగ్స్, కోల్గేట్ వంటి కంపెనీలు ఇక్కడ పనిచేస్తున్నాయి.

శ్రీ సిటీ ఉన్న సత్యవేడు అసెంబ్లీ స్థానం ఎస్సీ రిజర్వుడు. పక్కనున్న తడ మండలం వచ్చే సూళ్ళూరుపేట స్థానమూ ఎస్సీ రిజర్వుడే. తిరుపతి లోక్‌సభ స్థానమూ అంతే. అంటే ఈ ప్రాంతం తరఫున చట్టసభల్లో మాట్లాడే ముగ్గురూ దళితులే. చుట్టుపక్కల ఊళ్ళలో మాలలు, మాదిగలు, అరుంధతీయులు ఉన్నారు. చెరువులు, వాగులు, పులికాట్ అంచుల్లో బతికే యానాది కుటుంబాలు ఉన్నాయి. ప్రాతినిధ్యం ఉంది. కానీ పరిహారం సొమ్ము నడిచే దారి ఆ ప్రాతినిధ్యం గుండా పోదు. ఎలా పోదో విశాఖ అనుభవం నుంచి చూద్దాం.

విశాఖ: ఒకే ప్రమాదం, మూడు రకాల డబ్బు

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ ఆవిరి లీకైంది. కరోనా లాక్‌డౌన్‌లో మూతపడిన ఫ్యాక్టరీని తిరిగి తెరిచే సమయం అది. 12 మంది చనిపోయారు. వందల మంది ఆసుపత్రుల్లో చేరారు. నందమూరినగర్, పద్మనాభనగర్, ఎస్సీ బీసీ కాలనీ వంటి పేదల నివాసాలు ఫ్యాక్టరీకి చుట్టూ ఉన్నాయి.

ఆ తర్వాత కదిలిన డబ్బును మూడుగా విడదీసి చూడాలి.

మొదటిది ప్రభుత్వం ఇచ్చిన ఎక్స్‌గ్రేషియా. ప్రమాదం జరిగిన రోజే ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్‌రెడ్డి మరణించినవారి కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున ప్రకటించారు. వెంటిలేటర్‌పై ఉన్నవారికి 10 లక్షలు, రెండు మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నవారికి లక్ష, ప్రాథమిక చికిత్స తీసుకున్నవారికి 25 వేలు, బాధిత గ్రామాల్లో ఉండే ప్రతి ఒక్కరికీ 10 వేలు అన్నారు. ఇది వేగంగా ఇచ్చిన సాయం, అవసరమైన సాయం. అయితే ఇది ఖజానా డబ్బు. హాని చేసింది కంపెనీ, మొదట చెల్లించింది ప్రజలు.

రెండోది ట్రిబ్యునల్ కట్టించిన సొమ్ము. జాతీయ హరిత ట్రిబ్యునల్ ఈ కేసును తనంతట తానే విచారణకు తీసుకుని, మే 8న కంపెనీని 50 కోట్ల రూపాయలు జిల్లా మేజిస్ట్రేట్ దగ్గర జమ చేయమంది. 2020 జూన్ 1 ఉత్తర్వులో కంపెనీకి సంపూర్ణ బాధ్యత ఉందని చెప్పింది. ఆ 50 కోట్లను బాధితుల పరిహారానికి, పర్యావరణ పునరుద్ధరణకు వాడాలంది. పునరుద్ధరణ ప్రణాళిక తయారీని కేంద్ర పర్యావరణ శాఖ, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి, రాష్ట్ర ప్రభుత్వ ప్రతినిధుల కమిటీకి అప్పగించింది. ఆ కమిటీ కూర్పులో అధికారులే ఉన్నారు. కాలనీల మనుషులకు కుర్చీ లేదు. కంపెనీ ఈ వ్యవహారాన్ని సుప్రీంకోర్టుకు తీసుకెళ్ళింది.

మూడోది కంపెనీ తనంతట తాను ప్రకటించిన 120 కోట్లు. దుర్ఘటన జరిగిన నాలుగేళ్ళకు వచ్చిన మాట ఇది. కోర్టు తీర్పు నుంచి పుట్టిన బాధ్యత కాదు కాబట్టి, ఎవరికి, ఎంత, ఏ లెక్కన అన్నదాంట్లో కంపెనీదే పైచేయి అవుతుంది.

మూడింటికీ ఒక పోలిక ఉంది. మొదటిది ముఖ్యమంత్రి ప్రకటనతో, రెండోది ట్రిబ్యునల్ ఉత్తర్వుతో, మూడోది కంపెనీ పెద్దల నిర్ణయంతో వచ్చాయి. ఏ ఒక్కటీ స్థానిక ప్రభుత్వం తన ప్రజలను కూర్చోబెట్టి వేసిన ప్రణాళిక నుంచి రాలేదు.

సబ్‌ప్లాన్ ఇక్కడ ఎందుకు అందదు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దళిత, ఆదివాసీ సంఘాల సుదీర్ఘ ఉద్యమం తర్వాత 2013లో ఎస్సీ సబ్‌ప్లాన్, గిరిజన సబ్‌ప్లాన్ చట్టం వచ్చింది. ప్రణాళికా వ్యయంలో జనాభా నిష్పత్తికి తగ్గకుండా ఎస్సీ, ఎస్టీలకు కేటాయించాలని, దాన్ని వాళ్ళ అభివృద్ధి అంతరాన్ని తగ్గించే పనులకే వాడాలని ఆ చట్టం చెప్పింది. పదేళ్ళ గడువుతో వచ్చిన చట్టాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2023 జనవరిలో మరో పదేళ్ళు పొడిగించింది.

ఈ చట్టం లెక్క మొదలయ్యేది బడ్జెట్ నుంచి. కలెక్టర్ దగ్గర జమ అయిన పరిహారం, ట్రిబ్యునల్ ఆదేశంతో ఏర్పడిన నిధి, కంపెనీ ట్రస్టు ద్వారా ఖర్చయ్యే సీఎస్ఆర్ సొమ్ము బడ్జెట్ పద్దుల్లో ఉండవు. కాబట్టి వాటిలో దళితులకు ఇంత వాటా అని అడిగే చట్టబద్ధమైన ఆధారం సబ్‌ప్లాన్ నుంచి దొరకదు.

హరిత ట్రిబ్యునల్ చట్టం, 2010లోని 24వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. పర్యావరణానికి జరిగిన నష్టానికి కట్టించే సొమ్మును ప్రజా బాధ్యత బీమా చట్టం, 1991 కింద ఏర్పడిన పర్యావరణ సహాయ నిధికి పంపాలంటుంది. అది కేంద్ర స్థాయి నిధి. చెరువు పాడైంది వరదయ్యపాళెంలో అనుకుందాం. చట్టం ప్రకారం డబ్బు మొదట చేరేది ఢిల్లీ ఖాతాకు.

సీఎస్ఆర్ విషయంలో కొంత గందరగోళం ఉంది. కంపెనీల చట్టం, 2013లోని 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ళ సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక పనులకు ఖర్చు చేయాలి. తాము పనిచేసే స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యమివ్వాలని చట్టమే చెబుతుంది. సామాజికంగా, ఆర్థికంగా వెనుకబడిన వర్గాల అసమానతలు తగ్గించే పనులు ఏడో షెడ్యూలులో ఉన్నాయి. అయినా సీఎస్ఆర్ పరిహారం కాదు. ఒక కంపెనీ బడికి ప్రహరీ కట్టించి, నీళ్ళ ప్లాంటు పెట్టించి, దాన్నే తాను చేసిన నష్టానికి బదులుగా చూపించబోతే మనం ఒప్పుకోకూడదు. ప్రహరీ, నీళ్ళ ప్లాంటు చట్టం విధించిన కనీస ఖర్చు కిందికి వస్తాయి. నష్టపరిహారం వేరే బాకీ.

కాగితం లేనివాళ్ళు

పరిహారం ఎప్పుడూ ఒక జాబితాతో మొదలవుతుంది. జాబితాలో పేరెక్కాలంటే ఏదో ఒక కాగితం ఉండాలి. పొలం నష్టపోతే పట్టాదారు పాసుపుస్తకం, ఇల్లు నష్టపోతే ఇంటిపన్ను రసీదు, ఆరోగ్యం నష్టపోతే ఆసుపత్రి రికార్డు, ఉద్యోగం పోతే జీతం చీటీ. కౌలుకు చేసేవాడికి పాసుపుస్తకం లేదు. పోరంబోకులో గుడిసె వేసుకున్న యానాది కుటుంబానికి రసీదు లేదు. కాంట్రాక్టరు కింద హౌస్‌కీపింగ్ చేసే మాదిగ స్త్రీకి కంపెనీ పేరుతో జీతం చీటీ లేదు. అద్దె గదిలో ఉండే వలస కార్మికుడి రేషన్ కార్డు సొంతూర్లో ఉంటుంది. హాని జరిగేటప్పుడు వీళ్ళే ముందుంటారు. జాబితా రాసేటప్పుడు వెనక్కి పోతారు.

చిత్తూరు ప్రాంతంలో ఇది భూమి దగ్గరే మొదలైంది. ఇక్కడ దళితుల చేతిలో ఉన్న భూమిలో చాలా భాగం డీకేటీ పట్టా భూమి, అంటే ప్రభుత్వం దరఖాస్తు మీద ఇచ్చిన అసైన్డ్ భూమి. 1977 అసైన్డ్ భూముల చట్టం దాని అమ్మకాన్ని నిషేధించింది. పేదల చేతి నుంచి భూమి జారిపోకుండా ఉండాలన్నది ఆ చట్టం లక్ష్యం. కానీ ప్రభుత్వమే ప్రజాప్రయోజనం పేరుతో వెనక్కి తీసుకునేటప్పుడు, అది మీ సొంత భూమి కాదు కాబట్టి పూర్తి పరిహారం రాదు అనే వాదన ముందుకొచ్చేది. 2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం మేకల పాండు కేసులో దీనికి అడ్డుకట్ట వేసింది. అసైన్డ్ భూమిని తీసుకున్నా పట్టా భూమి యజమానితో సమానంగా మార్కెట్ విలువ చెల్లించాలని చెప్పింది. శ్రీ సిటీ భూసేకరణ మొదలయ్యేనాటికే ఈ తీర్పు అమల్లో ఉంది. ఆ భూముల పరిహారం రికార్డులను ఇవాళ చదివే విద్యార్థులు పట్టా భూమికి, డీకేటీ భూమికి చెల్లించిన ధరలను పక్కపక్కన పెట్టి చూడాలి.

సొమ్ము ఆగిపోయిన చోట్లు

భోపాల్ నుంచి నేర్చుకోవాల్సింది ఏమిటంటే, బాధితుల పేరుతో రాజ్యం మాట్లాడితే బాధితుల గొంతు పోవచ్చు. 1985 చట్టంతో కేంద్ర ప్రభుత్వం బాధితులందరి తరఫున దావా వేసే హక్కు తానే తీసుకుంది. 1989 ఫిబ్రవరిలో యూనియన్ కార్బైడ్‌తో 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. అదనపు పరిహారం కోసం కేంద్రం వేసిన క్యూరేటివ్ పిటిషన్‌ను 2023 మార్చి 14న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కొట్టేసింది. రిజర్వు బ్యాంకు దగ్గర అప్పటికీ ఖర్చు కాకుండా ఉన్న 50 కోట్ల రూపాయలను పెండింగ్ క్లెయిములకు వాడమంది. ప్రమాదం జరిగి 38 ఏళ్ళు దాటాక కూడా పంచని సొమ్ము మిగిలి ఉందన్నమాట.

కేరళలోని ప్లాచిమడ ఇంకో పాఠం. అక్కడ కోకా కోలా ప్లాంటు మీద మొదట దెబ్బ కొట్టింది ఒక చిన్న స్థానిక ప్రభుత్వం. పెరుమట్టి పంచాయతీ 2003లో లైసెన్సు పునరుద్ధరించడానికి నిరాకరించింది. ముందు నిలబడి పోరాడింది ఎక్కువగా ఆదివాసీలు, దళితులు. రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ 2010లో నష్టాన్ని 216.26 కోట్ల రూపాయలుగా లెక్కగట్టింది. ఆ సొమ్ము వసూలుకు ప్రత్యేక ట్రిబ్యునల్ పెడుతూ 2011లో కేరళ అసెంబ్లీ బిల్లు ఆమోదించింది. దానికి రాష్ట్రపతి ఆమోదం దొరకలేదు. లెక్క తేలింది, వసూలు దారి మూసుకుంది.

మూడోది మనకు బాగా దగ్గర. చిత్తూరు జిల్లా కుప్పం మీదుగా తమిళనాడులోకి పోయే పాలారు నది వెల్లూరు ప్రాంతంలో తోళ్ళ శుద్ధి కర్మాగారాల వల్ల నాశనమైంది. 1996లో సుప్రీంకోర్టు వెల్లూరు కేసులో కాలుష్యం చేసినవాడే చెల్లించాలన్న సూత్రాన్ని దేశ చట్టంలో భాగం చేసింది. బాధితులను గుర్తించి పరిహారం నిర్ణయించడానికి ఒక ప్రత్యేక అథారిటీ ఏర్పడింది. అయినా అదే ప్రాంతం కేసులో 2025 జనవరి 30న సుప్రీంకోర్టు మళ్ళీ తీర్పు చెప్పాల్సి వచ్చింది. నష్టం పూర్తిగా పోయేదాకా కాలుష్యం చేసినవాడి బాధ్యత కొనసాగుతుందని, ప్రభుత్వం ముందు బాధితులకు చెల్లించి తర్వాత కంపెనీల నుంచి రాబట్టాలని చెప్పింది. ఒకసారి చెక్కు ఇచ్చి చేతులు దులుపుకోవడం కుదరదన్న ఈ మాట శ్రీ సిటీ పరిసరాల్లోని ప్రతి కార్యకర్తకూ తెలిసి ఉండాలి.

అమెరికాలో కౌంటీలు ఏం చేస్తున్నాయి

కంపెనీ చేసిన హానికి వచ్చిన సొమ్మును స్థానిక ప్రభుత్వాలు ఖర్చు చేసే పెద్ద ప్రయోగం ఇప్పుడు అమెరికాలో నడుస్తోంది. ఓపియాయిడ్ నొప్పి మాత్రలను విచ్చలవిడిగా అమ్మి లక్షల మందిని వ్యసనంలోకి, చావులోకి నెట్టిన కంపెనీల మీద రాష్ట్రాలు, కౌంటీలు, నగరాలు వేల దావాలు వేశాయి. 2022 ఫిబ్రవరిలో మూడు పెద్ద పంపిణీ కంపెనీలు, జాన్సన్ అండ్ జాన్సన్ కలిసి 2,600 కోట్ల డాలర్లు కట్టే ఒప్పందం ఖరారైంది. పంపిణీ కంపెనీల వాటా 18 ఏళ్ళ పాటు వాయిదాల్లో వస్తుంది. ఇతర కంపెనీల ఒప్పందాలు కలిపితే మొత్తం 5,000 కోట్ల డాలర్లు దాటింది.

ఒప్పందం రాసేటప్పుడు వాళ్ళు పాత తప్పును గుర్తుంచుకున్నారు. 1998లో సిగరెట్ కంపెనీలు 46 రాష్ట్రాలకు 25 ఏళ్ళలో 20,600 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నాయి. ఆ డబ్బును దేనికి వాడాలో షరతు లేదు. రాష్ట్రాలు దాన్ని బడ్జెట్ లోటు పూడ్చుకోవడానికి, రోడ్లకు వాడుకున్నాయి. పొగాకు మాన్పించడానికి ఖర్చయింది కొద్ది భాగమే. అందుకే ఓపియాయిడ్ ఒప్పందంలో కనీసం 85 శాతం ఆ వ్యసనం వల్ల జరిగిన నష్టాన్ని సరిదిద్దడానికే పెట్టాలన్న నిబంధన రాశారు. ఏయే పనులు దాని కిందికి వస్తాయో జాబితా జత చేశారు.

నార్త్ కరోలినా రాష్ట్రం పద్ధతి మనకు పనికొస్తుంది. అక్కడ సొమ్ములో 85 శాతం నేరుగా స్థానిక ప్రభుత్వాలకు పోతుంది. కౌంటీ దాన్ని మిగతా డబ్బుతో కలపకుండా ప్రత్యేక నిధిలో ఉంచాలి. ఖర్చు పెట్టేముందు ఏ పనికి, ఎంత, ఎంతకాలం అన్నది పాలకవర్గం తీర్మానంగా రాయాలి. ఏడాదికోసారి ప్రజలు రాగలిగే సమావేశం పెట్టాలి. ఖర్చు నివేదికలు బయటపెట్టాలి.

మూలవాసీ తెగల విషయం ఇంకా ముఖ్యం. వాళ్ళ వాటాను రాష్ట్రాల దయకు వదల్లేదు. 2022 ఫిబ్రవరిలో అవే నాలుగు కంపెనీలు తెగలతో విడిగా 59 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాయి. అప్పటికి ప్రభుత్వ గుర్తింపు ఉన్న 574 తెగలూ దానికి అర్హమే. రాష్ట్రానికి ఇచ్చాం, అక్కడి నుంచి అందరికీ చేరుతుంది అనే మాటను వాళ్ళు నమ్మలేదు. చరిత్ర నేర్పిన జాగ్రత్త అది.

అక్కడ అన్నీ సవ్యంగా ఉన్నాయని కాదు. కొన్ని కౌంటీలు ఈ డబ్బుతో పోలీసు వాహనాలు, పరికరాలు కొన్నాయని విమర్శలొచ్చాయి. వ్యసనం నుంచి బయటపడినవాళ్ళకు నిర్ణయాల్లో చోటు లేదన్న ఫిర్యాదులూ వచ్చాయి. కానీ విమర్శించడానికి అక్కడ రాసిపెట్టిన నిబంధన ఒకటుంది. మన దగ్గర లేనిది అదే.

మన చేతిలో ఇప్పటికే ఉన్న పనిముట్లు

కొత్త చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఈ కిందివన్నీ ఇప్పుడే వాడుకోదగ్గవి.

*పన్ను వాటా.* ఆంధ్రప్రదేశ్‌లో పారిశ్రామిక వాడల్లో పంచాయతీ అధికారాలను ఇండస్ట్రియల్ ఏరియా లోకల్ అథారిటీకి, అందరూ ఐలా అనే సంస్థకు, బదిలీ చేసే పద్ధతి ఉంది. ఏపీఐఐసీ వాడల్లో అమలయ్యే లెక్క ప్రకారం వసూలైన ఆస్తి పన్నులో 35 శాతం స్థానిక సంస్థకు ఇవ్వాలి, 65 శాతం ఐలా దగ్గర ఉంటుంది. పారిశ్రామిక ప్రాంతం పక్కనున్న ప్రతి పంచాయతీ అడగాల్సిన ప్రశ్నలు మూడు. మా పరిధిలో ఏ సర్వే నంబర్ల మీద అధికారం బదిలీ అయింది? ఏటా ఎంత పన్ను వసూలైంది? మా వాటా ఎంత వచ్చింది?

*పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక.* ప్రతి పంచాయతీ ఏటా గ్రామసభ ద్వారా అభివృద్ధి ప్రణాళిక తయారు చేయాలి. 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికి ముడిపెట్టారు. ఈ ప్రణాళికలో పారిశ్రామిక ప్రమాదం, భూగర్భజల పరీక్ష, దళితవాడ తాగునీటి ప్రత్యామ్నాయం అంశాలుగా ఎక్కించవచ్చు. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు జరిగాయి. ప్రభుత్వం తలుచుకుంటే సభలు జరుగుతాయని తేలింది. సభలో దళితవాడ సమస్య మినిట్స్ పుస్తకంలోకి ఎక్కిందా లేదా అన్నది మనం చూసుకోవాలి.

*ప్రమాద సమాచారం.* ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నిబంధనలు, 1989 ప్రకారం పెద్ద ప్రమాదానికి అవకాశమున్న ఫ్యాక్టరీ యజమాని బాధితులు కాగలవాళ్ళకు ముందే సమాచారం ఇవ్వాలి. ఫ్యాక్టరీ బయటి అత్యవసర ప్రణాళిక జిల్లా యంత్రాంగం తయారుచేయాలి. 1996లో వచ్చిన రసాయన ప్రమాదాల నిబంధనలు జిల్లా స్థాయిలోనూ, పారిశ్రామిక ప్రాంత స్థాయిలోనూ సంక్షోభ బృందాలు ఉండాలంటాయి. స్థానిక బృందంలో సర్పంచుకు, సామాజిక కార్యకర్తలకు, డాక్టర్లకు చోటుంది. ఈ బృందం ఉందా, చివరిసారి ఎప్పుడు కూర్చుంది, అందులో దళితవాడ నుంచి ఎవరున్నారు? 2020 ఆగస్టులో చిత్తూరు జిల్లా పూతలపట్టు మండలం బండపల్లి దగ్గర ఒక పాల డెయిరీలో అమ్మోనియా లీకై కార్మికులు ఆసుపత్రి పాలయ్యారు. ప్రమాదం రసాయన ఫ్యాక్టరీకే పరిమితం కాదు. శీతల యంత్రాలున్న ప్రతి చోటా ఉంటుంది.

*గడువు.* పరిహారం కోసం హరిత ట్రిబ్యునల్‌కు వెళ్ళాలంటే కారణం పుట్టిన అయిదేళ్ళ లోపు వెళ్ళాలి. తగిన కారణం చూపితే మరో 60 రోజులు దొరుకుతుంది. ప్రజా బాధ్యత బీమా చట్టం కింద కలెక్టరుకు పెట్టుకునే దరఖాస్తుకూ గడువు అయిదేళ్ళే. వయసు మీరాక బయటపడే జబ్బులకు ఈ గడువు చాలా చిన్నది. అందుకే ఆసుపత్రి చీటీలు, పరీక్షల ఫలితాలు మొదటి రోజు నుంచే దాచిపెట్టాలి.

ఏ నిబంధన అడగాలి

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక నిబంధనలు మనకు తెలిసిన నమూనా. అందులో ఏ నేరానికి ఎంత సహాయం, ఏ దశలో ఎంత శాతం అన్నది షెడ్యూలులో రాసి ఉంది. అధికారి దయ మీద ఆధారపడదు. జిల్లా కలెక్టరు అధ్యక్షతన నిఘా, పర్యవేక్షణ కమిటీ మూడు నెలలకోసారి కూర్చోవాలి. అమలులో లోపాలుండొచ్చు, కానీ అడగడానికి ఆధారముంది. ఖనిజాల విషయంలోనూ 2015 నుంచి జిల్లా ఖనిజ ఫౌండేషన్లు వచ్చాయి. గనుల కంపెనీలు కట్టే సొమ్ములో కనీసం 60 శాతం తాగునీరు, ఆరోగ్యం, విద్య వంటి ముఖ్య అవసరాలకే పెట్టాలని కేంద్రం 2015లో మార్గదర్శకాలు రాసింది. గనికి రాయగలిగిన నిబంధన ఫ్యాక్టరీకి రాయలేకపోవడానికి కారణం లేదు.

పారిశ్రామిక పరిహారానికి రాష్ట్ర ప్రభుత్వం నుంచి అడగాల్సిన కనీస నిబంధనలు ఇవి:

1. కంపెనీ నుంచి ఏ రూపంలో వచ్చినా పరిహారం, జరిమానా సొమ్ము జిల్లాలో ప్రత్యేక ఖాతాలో ఉండాలి. ఆ ఖాతా లెక్క గ్రామ సచివాలయం నోటీసు బోర్డు మీద తెలుగులో పెట్టాలి.

2. వ్యక్తులకిచ్చే పరిహారం, ఊరుమ్మడి పునరుద్ధరణ సొమ్ము వేరువేరుగా ఉండాలి. రెండోదాన్ని చూపి మొదటిదాన్ని తగ్గించకూడదు.

3. ఊరుమ్మడి సొమ్ములో ఎస్సీ, ఎస్టీ వాడల వాటా సబ్‌ప్లాన్ సూత్రం ప్రకారం జనాభా నిష్పత్తికి తగ్గకూడదు. ఫ్యాక్టరీకి దగ్గరగా ఉన్న వాడకు నష్టాన్ని బట్టి ఎక్కువ రావాలి.

4. బాధితుల జాబితాకు పట్టా, ఇంటిపన్ను రసీదు తప్పనిసరి చేయకూడదు. దళితవాడలోనే జరిగే గ్రామసభ ధ్రువీకరణ చాలాలి. కౌలుదారులు, కాంట్రాక్టు కార్మికులు, వలసవాళ్ళు, యానాది కుటుంబాలు అందులో ఉండాలి.

5. పునరుద్ధరణ ప్రణాళిక కమిటీలో బాధిత వాడల ప్రతినిధులు ఉండాలి. అందులో సగం మంది స్త్రీలు కావాలి. నీళ్ళు మోసేది, రోగిని చూసుకునేది వాళ్ళే.

6. ఆ సొమ్ముతో కొత్త రోడ్లు, ఆర్చీలు, పారిశ్రామిక ప్రాంతానికే మేలుచేసే పనులు చేపట్టకూడదు. వైద్య పరీక్షలు కనీసం పదేళ్ళు సాగాలి.

ఇందులో మూడు పనులు ఈ నెలలోనే మొదలుపెట్టవచ్చు. సత్యవేడు, వరదయ్యపాళెం, తడ మండలాల పంచాయతీల నుంచి పన్ను వాటా వివరాలకు సమాచార హక్కు దరఖాస్తులు పెట్టడం ఒకటి. స్థానిక సంక్షోభ బృందం సభ్యుల పేర్లు, సమావేశాల మినిట్స్ కలెక్టరేట్ నుంచి అడగడం రెండు. మూడోది వాడవారీగా మన సొంత జాబితా రాయడం. ఏ ఇంట్లో ఎంతమంది, ఎవరు ఏ ఫ్యాక్టరీలో ఏ కాంట్రాక్టరు కింద పనిచేస్తున్నారు, ఏ బోరు నీళ్ళు తాగుతున్నారు, ఎవరికి ఏ కాగితం లేదు. విశాఖలో బాధితుల జాబితా ప్రమాదం జరిగాక, అధికారుల చేతుల్లో తయారైంది. ఇక్కడ ఆ పని ముందే చేసి, గ్రామసభలో చదివి, మినిట్స్‌లోకి ఎక్కించి ఒక నకలు మన దగ్గర ఉంచుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.